పప్పులో ఉడికిన వాన

బురదకు వయసు చెప్పే ఉద్యోగం నాది. నవ్వకండి, జీతం కూడా ఇచ్చేవాళ్లు. వానతోపాటు ఆకాశం నుంచి బెరీలియం అనే పదార్థం ఇసుమంత దిగుతుంది. దానికి సహజంగానే రేడియోధార్మికత ఉంటుంది, కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. మట్టిని పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు. చెరువు బురదలో అది కనిపిస్తే ఆ మట్టి ఈ మధ్యనే కొట్టుకొచ్చిందని అర్థం. అయితే వానలో అసలు ఎంత పడిందో ముందు తెలియాలి కదా. ఆ మహాకార్యానికి మా ల్యాబు సారు నన్ను నియమించి చేతిలో ఒక స్టీలు టబ్బు పెట్టారు. పోస్టు టెంపరరీ. వానాకాలం లెక్కలు కుదిరితే ఉంటాను, లేదంటే ఇంటికి.

లాల్‌దర్వాజాలో నేను అద్దెకుండే ఇంటి డాబా మీద టబ్బు పెట్టాను. వాన పడిన ప్రతిరోజూ సాయంత్రం ఇంటికొచ్చి, ఆ నీళ్లు సీసాలకెత్తి మర్నాడు ల్యాబుకు మోసుకెళ్లడం నా పని. మెషీను ప్రతిసారీ సున్నా చూపించేది. హైదరాబాదుకు వేరే ఆకాశమేమైనా ఉందా అని సారు అందరి ముందూ అడిగారు. తల కొట్టేసినట్టయింది. నాకు మిగిలిన ఓదార్పల్లా ఇంటి ఓనరు అవ్వ పెట్టే పప్పు. వెన్నలా ఉడికేది.

ఒకరోజు తింటూ ఆ మాటే అన్నాను. అవ్వ మురిసిపోయింది.

"నల్లా నీళ్లకు కందిపప్పు ఉడ్కది బిడ్డా. వాననీళ్లకైతె మస్తు ఉడుకుతది. వాన ఎలవంగనె నీ టబ్బుల నీళ్లన్ని దీస్కుంట. ముఫ్త్‌ల తీస్కోలె. ఎంత దీస్తె అంత నల్లా నీళ్లు మల్ల వోసి పెట్టిన."

కంచంలో పప్పు వైపు చూశాను. ఆవిడ నిజాయితీకి వంక పెట్టడానికి లేదు. నల్లా నీళ్లొచ్చేది చెరువు నుంచే. బెరీలియం అక్కడి బురదకే అంటుకుని అడుగున ఉండిపోతుంది, సున్నా రాక ఏమొస్తుంది? మా సిద్ధాంతాన్ని వానాకాలమంతా పొల్లు పోకుండా రుజువు చేసింది అవ్వే. ఆ సీజను డేటా మొత్తం నేను నెయ్యి వేసుకుని తిన్నాను.

సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పప్పు సంగతి రిపోర్టులో ఎలా రాయమంటావన్నారు. పోస్టు పోయింది. అవ్వ మీద కోపం రాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది.

నేను పెట్టె సర్దుకున్న సాయంత్రం కుండపోత వాన. టబ్బు నిండి పొర్లింది. ఆ నీళ్లతో ఇక ఎవరికీ పని లేదు, వాడుకో అవ్వా అన్నాను.

"వద్దు బిడ్డా. అవి నీ నౌకరి నీళ్లు. నేను ముట్ట."

ఆ పూట పప్పు పలుకు పలుకుగానే ఉండిపోయింది. ఇద్దరం నములుతూ కూర్చున్నాం.