డ్రైవర్ ఉప్పలయ్య పక్కచూపు

ఇంజను చప్పుడు కాస్త మారితే చాలు, ఎందుకో తేలేదాకా ఉప్పలయ్యకు అన్నం సహించదు. ఉప్పల్ డిపోలో అందరికీ తెలిసిన సంగతే అది. అలాంటి మనిషికి యాభై దాటాక మెడికల్ చెకప్‌లో కంట్లో ప్రెషర్ కొంచెం ఎక్కువుందన్నారు. దానివల్ల కంటి అంచుల్లో చూపు తగ్గొచ్చని, పక్కచూపు పరీక్ష చేయించుకు రమ్మన్నారు. పక్కచూపు దెబ్బతిందని తేలితే స్టీరింగు వదిలేయాల్సిందే.

నాచారంలో ఓ కంటి దవాఖానాకు వెళ్లాడు. పరీక్ష చేసే అమ్మాయి మనస్విని ఆయన కన్నొకటి మూసి, పెద్ద తెల్లగిన్నెలాంటి మిషను ముందు గడ్డం ఆనించమంది.

"నడుమ దీపాన్నే చూస్తూ ఉండండి అంకుల్. చుట్టుపక్కల ఎక్కడ చుక్క మెరిసినా బటన్ నొక్కండి."

డ్రైవరు కళ్లు ఒకచోట కుదురుగా ఉంటాయా! ఎడమ అద్దం, కుడి అద్దం అన్నట్టు చుక్కల కోసం అటూ ఇటూ పరుగెత్తాయి. తీరా కాగితం చూస్తే అంతా నల్లటి మచ్చలే. ఇక స్టీరింగు పోయినట్టే అనుకున్నాడు ఉప్పలయ్య.

"మీరు చుక్కల్ని వెతికారు. ఇది చెల్లదు, చూపు కదలకూడదు."

"కదలకుంటె బస్సెట్ల నడుపుత బిడ్డా?"

నవ్వి, మళ్లీ కూర్చోబెట్టింది. ఈసారి బ్రేకు తొక్కిపట్టినట్టు చూపును తొక్కిపట్టాడు.

"మీ వయసుకి అంతా బాగానే ఉంది," అంది మనస్విని.

హమ్మయ్య అని లేచి రావచ్చు కదా! ఊహూఁ.

"నా వయసుకి అంటె ఏంది?"

"వయసుతోపాటు అందరి చూపూ కొద్దికొద్దిగా మందగిస్తుంది, అంచుల్లో ఇంకాస్త ఎక్కువ. పాతికేళ్లప్పుడు కనబడిన మసక చుక్క ఇప్పుడు కనబడాలంటే ఎక్కువ వెలుగు కావాలి. అది జబ్బు కాదు. అందుకే మిషను మిమ్మల్ని మీ ఈడువాళ్లతోనే పోలుస్తుంది."

ఉప్పలయ్య కుర్చీ వదల్లేదు.

"మిషన్ నా ఈడు సూసి పాస్ జేసింది, మంచిదే. మరి బస్సుకు అడ్డమొచ్చెటోడు నా ఈడు సూస్తడా?"

మనస్విని రిపోర్టు ఆయన చేతికిచ్చింది.

డ్రైవరు సీటు దక్కినందుకు ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. కానీ మర్నాడు ఉప్పల్ చౌరస్తాలో పచ్చలైటు పడ్డా బస్సు కదలలేదు. అద్దాల్లో చూసుకున్నాక కూడా, మెడంతా తిప్పి ఒకసారి కుడికి చూశాడు. వెనక హారన్లు మోగాయి. కండక్టర్ శాంతాబాయికి ఒళ్లు మండింది.

"ఎవలకోసం సూస్తున్నవ్ అన్నా? దారి ఖాళీనే ఉన్నది గదా!"

"నాకూ గట్లనే కనబడుతున్నది చెల్లె, ఆగు జర," అంటూ ఎడమకు తిరిగాడు.

బస్సు ముందు మూలకు ఆనుకునేంత దగ్గరగా, నెత్తిన కూరగాయల గంపతో ఒకామె రోడ్డు దాటుతోంది. ఆమెదీ ఇంచుమించు ఆయన ఈడే. బస్సు వైపు చూడనైనా లేదు.