తాళం బయట, నాయిన లోపల

ఓ పాత మూకీ సినిమా చివరి నిమిషం నేనిప్పటికీ చూడలేను. దయ్యాల గదిలో ఓ బాటసారి దిగుతాడు. కుర్చీ మాయం, మంచం మాయం, చివరికి తలుపూ మాయం. తలుపున్న చోట గోడ. దాన్ని బాదుతూ నోరంతా తెరిచి అరుస్తాడు. మూకీ కదా, మనకేమీ వినపడదు. అంతే, అయిపోతుంది.

ఆ ముగింపు నవ్విస్తుందా, భయపెడుతుందా రాసుకురమ్మన్నారు మా సినిమా కోర్సులో. ఆ రోజు తెలంగాణ బంద్. ఎల్బీ నగర్‌లోని మా ఇంట్లో కంప్యూటర్‌లో అది చూసి, నవ్విస్తుందని కాగితం మీద రాసేశాను. అప్పట్లో నాకు తెలివి ఎక్కువని నా నమ్మకం.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది పోచంపల్లి చీరల కొట్టు. ఏ బంద్‌కైనా ముందు జెండా పట్టేది నాయినే. ఆ రోజు మాత్రం, మర్నాటి పెళ్లికి మా ఊరివాళ్లు చెప్పిన చీరలు మూటలు కట్టాలని పొద్దున్నే కొట్టుకు వెళ్లాడు. బంద్ నాడు పనుంటే మా వీధి కొట్లవాళ్లకు ఒక పద్ధతి ఉంది. మనిషి లోపల ఉంటాడు, షట్టర్ దించి తాళం బయట వేస్తారు. తాళంచెవి ఎదురుగా ఉండే చాయ్ ఆయన దగ్గర ఉంటుంది.

పదకొండింటికి టీవీలో మా వీధి కనపడింది. లాఠీలు, బాష్పవాయువు పొగ, పరుగెత్తే జనం. ఆ పరుగులో చాయ్ ఆయనా ఉన్నాడు. నాయిన ఫోన్ ఎత్తలేదు.

అమ్మ వద్దంటున్నా బీరువాలోని రెండో తాళంచెవి తీసుకుని నడిచాను. బస్సుల్లేవు. కొత్తపేట దాటేసరికి కళ్లు మండాయి. షట్టర్ కింద సందుంది, పొగ ఎంత దూరిందో అన్నదొక్కటే ఆలోచన. కనపడ్డ గుడికల్లా మొక్కాను.

వీధిలో చెప్పులు తప్ప మనుషుల్లేరు. షట్టర్ బాదాను. పలుకు లేదు. తాళం తీసి పైకి లేపితే, నాయిన తడి తువ్వాలు ముక్కుకు అదుముకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు చింతనిప్పులు. ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. బయట అంతమంది ఉండగా ఎందుకు అరవలేదని నిలదీశాను.

"ఎట్ల ఒర్రాలె బిడ్డా? బయట ఉన్నోళ్లు మనోళ్లేనాయె. బంద్ నాడు కొట్ల కూసున్నవేందని అడిగితే ఏం జెప్పాలె?"

ఇంటికొచ్చి కాగితం మీద 'నవ్విస్తుంది' అన్న మాటను గీత గీసి కొట్టేశాను.

సాయంత్రం మా చౌరస్తాలో ధర్నా. నాయిన మళ్లీ జెండా పట్టాడు. ఆ ఎర్రటి కళ్లు చూసి అందరూ, పొద్దుటి ఊరేగింపులో పొగ తిన్న మనిషని భుజం తట్టారు. నాయిన నోరు తెరవలేదు.