నల్లా కింద ఇరవై నిమిషాలు

గత నవంబరులో ఒక శనివారం, ఉదయం పదిన్నర గంటలు. పెద్దపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలోని మా చర్చి ఆవరణలో, చర్చి నిధికి వేసే కోతపండుగ వేలం కోసం మా అక్క సబ్బులు చేస్తోంది. స్టీలు గిన్నె దొరకక, విందుకు అన్నం వండే అల్యూమినియం గంజులో నీళ్లు పోసి, అరకిలో కాస్టిక్ సోడా వేసింది. ఆ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. హైడ్రోజన్ వాయువు, విపరీతమైన వేడి పుడతాయి. రసాయనశాస్త్ర అధ్యాపకుడినైన నేను కరీంనగర్ నుంచి వచ్చి గేటు దాటేసరికి గంజు బుసబుస పొంగుతోంది. అక్క వంగి చూస్తోంది.

"అక్కా, జరుగు!" అనేలోగా ద్రావణం ఎగిసి ఆమె కుడి కంట్లో పడింది.

ఆమె తల పట్టుకొని నల్లా కింద పెట్టాను.

"ఆటో వచ్చింది, దవాఖానకు తీస్కపోదాం పా!" అని బావ నా భుజం లాగాడు.

"నిమ్మకాయ పిండుండ్రి, సోడా ఇరుగుతది" అన్నారెవరో.

"ఇరవై నిమిషాలు నీళ్లే. కన్ను తెరువక్కా."

"సదువుకున్నవని నన్ను సంపుతవారా? ఇడువు!" అంటూ అక్క నా చేయి కొరికింది.

నాకు నొప్పి తెలియలేదు, భయమూ తెలియలేదు. గడియారం చూస్తూ నిలబడ్డాను.

"నీళ్లు ముందే ఆపి ఉంటే చూపు పోయేది" అన్నారు కరీంనగర్‌లో కంటి డాక్టరు. అందరూ ఏడ్చారు. నాకు ఇప్పటికీ ఏడుపు రాలేదు.

పోయినవి: గంజు ఒకటి, సోడా అరకిలో, అక్క కుడి కంటి రెప్ప వెంట్రుకలు. చూపు ఉంది.