ఎనిమిదో రీలు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అందుకే ఇది రాయడానికి ఏడాదిగా తటపటాయిస్తున్నాను. ఎవరు నవ్వినా సరే, ఇక రాసి తీరాలనుకున్నాను.

మా నాన్న చోడవరంలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. అప్పట్లో సినిమా రీళ్ళుగా వచ్చేది. డబ్బా మీద నెంబరు చూసి ఒకదాని తరవాత ఒకటి ఎక్కించాలి. ఊరంతా ఎగబడి చూసిన సినిమా ఒకటుంది. పేరు చెప్పను, మీరూ చూసే ఉంటారు. అందులో ఏడో రీల్లో అన్నయ్య చెల్లెలి పెళ్ళిలో పాట పాడతాడు, ఎనిమిదో రీల్లో చనిపోతాడు. ఒక ఆదివారం మ్యాట్నీలో మాత్రం ముందు చనిపోయాడు, తరవాత వచ్చి పాట పాడాడు.

జనం కుర్చీలు విరగ్గొట్టారు. తాగి రీళ్ళు తిరగేశాడని హాలువాళ్ళు నాన్నని పంపేశారు. ఆ తరవాత ఆయన గోవాడ వైపు చెరకు కోతలకి వెళ్ళేవాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. బడిలో నన్ను "ఎనిమిదో రీలు గుంట" అనేవారు. ఊళ్ళో ఎవరు ఏ పని తారుమారు చేసినా "ఏటి, ఎనిమిదో రీలు ముందేసేవేటి?" అని నవ్వుకునేవారు.

"డబ్బా మీద నెంబరు సూసే ఎక్కించేనమ్మా," అనేవాడు నాన్న. అప్పుడప్పుడు కల్లు పుచ్చుకునేవాడు కనక నేనూ నమ్మలేదు. పోయే ముందు హాస్పిటల్లో అడిగాడు, "నువ్వైనా నమ్మేవేటమ్మా?" అని. మందులు తేవాలన్న వంకతో బయటికి వచ్చేశాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోయిన ఏడాది అదే సినిమా, అదే హాల్లో మళ్ళీ విడుదలైంది. ఇప్పుడు రీళ్ళు లేవు, అంతా కంప్యూటరే. మ్యాట్నీకి వెళ్ళాను. తెర మీద అన్నయ్య చనిపోయాడు. ఆ వెంటనే పెళ్ళి పాట మొదలైంది.

వెనక వరసలో ఒక ముసలాయన పక్కనున్న స్నేహితుడితో అన్నాడు, "ఒరే, మళ్లీ ఎనిమిదో రీలు ముందొచ్చేసింది రా." అంటే ఇది నా ఒక్కదాని భ్రమ కాదు.

అంతటితో వదల్లేదు. పైకెక్కి ఆపరేటర్ని అడిగాను. "మొత్తం ఒకటే ఫైలు మేడమ్. తిరగెయ్యడానికి మన సేతిలో ఏటీ లేదు," అన్నాడు. అతని మొహం పాలిపోయి ఉంది. మర్నాడు అక్కడే, అదే ఫైలు మళ్ళీ చూశాను. పాట ముందు, చావు తరవాత. అనకాపల్లి వెళ్ళి చూశాను, అక్కడా సవ్యంగానే ఉంది.

వారం తిరిగి ఆ ముసలాయన్ని వడ్డాదిలో పట్టుకున్నాను. ఫలానా ఆపరేటర్ కూతుర్నని చెప్పగానే ఆయన తల దించుకున్నాడు. "ఆ రోజు కుర్సీ ఇరగ్గొట్టినోల్లలో నేనూ ఉన్నానమ్మా. మీ నాన్నని నానా మాటలూ అన్నాను. తప్పయిపోనాది," అన్నాడు.

రెండుసార్లూ అలా ఎలా జరిగిందో ఎంత తవ్వినా నాకు తేలలేదు. తెలియదని రాయడం ఫిజిక్స్ టీచరుకి కష్టంగానే ఉంది.

మొన్న బజార్లో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఎనిమిదో రీలు గుంటవి కదే?" అంది. చిన్నప్పటిలా తప్పుకుపోలేదు. అవునన్నాను.

నాన్న అడిగినప్పుడు కూడా ఆ ఒక్క మాటే అనాల్సింది.