సాలువా దారిలో తవ్విన గొయ్యి

దెయ్యాల విషయంలో నేను మొదటి నుంచీ మొండి బేరగాణ్ణి. ఎవరైనా వచ్చి ఫలానా చోట ఫలానాది చూశానంటే, "ఎంత దూరం నుంచి సూసినావు? అంతకుముందు ఏటి తాగినావు?" అని అడిగి ఆ కథని సగానికి తెగ్గొట్టేవాణ్ణి. మిగిలిన సగం కూడా కొనేవాణ్ణి కాదు.

కలకత్తాకి ఇవతల, మన తెలుగువాళ్ళు రైల్వే పనులకొచ్చి స్థిరపడ్డ ఖరిదాలో మాది ఇనప సామాను కొట్టు. తాళ్ళు, రంగులు, తారు డబ్బాలు కూడా అమ్మేవాళ్ళం. మా నాన్న నాకు నేర్పిన విద్య ఒక్కటే: చేత్తో ముట్టి చూడని సరుకు సరుకే కాదు. మేకు కొన్నా, మిరపకాయ కొన్నా వేలితో నొక్కి చూస్తాను. పెళ్ళిచూపుల్లో మా మావగారు వేసిన కుర్చీని కూడా ఊపి చూసి కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

అలాంటివాణ్ణి ఈ సంగతి రాస్తున్నది మిమ్మల్ని నమ్మించడానికి కాదు. ఇన్నేళ్ళుగా నా దగ్గర పడి ఉంది. ఏం చేసుకోవాలో తెలియలేదు.

అరవైల చివరి మాట. మా అక్క రవణమ్మ పెనిమిటి అప్పన్న బావ చమురు గొట్టం మీద తారు పూత మేస్త్రీ. మా ఊరి బయట సాలువా వైపు ఎర్రమట్టి నేలలో, మనిషి లోతున ఆ గొట్టం వెళ్తుంది. ఇనుము కాబట్టి తడికి తుప్పు పడుతుంది. తుప్పు తినేసి చిల్లుపడితే చమురు నేలలోకి దిగుతుంది, నూతుల్లోకి పోతుంది, ఎక్కడో ఎవరో పొయ్యి వెలిగిస్తారు. అందుకని సర్కారు గట్టి నిబంధన పెట్టింది. పూత పాడైన చోట తవ్వాలి. ఇనుము మెరిసేదాకా గీకాలి. మరిగిన తారు పోసి, గాజు నార గుడ్డ చుట్టి, మళ్ళీ తారు పొయ్యాలి. కలకత్తా నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా పిడికెడు మట్టి కూడా కప్పకూడదు.

ఆ ఇన్‌స్పెక్టరు సాన్యాల్ బాబు. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ గొడుగు. ఆయన దగ్గర ఒక కరెంటు మిషను ఉండేది. దాని తీగల కుచ్చుని పూత మీద నడిపిస్తే, పూత పల్చబడ్డ చోట చిటచిటమని నిప్పురవ్వ లేచేది. రవ్వ లేచిందా, పూత మొత్తం గీకించేవాడు.

బావకీ ఆయనకీ ఒకటే తగాదా. బావ వాళ్ళది భీమిలి దగ్గర పడవలు కట్టే ఇల్లు. పడవ అడుక్కి తారు పూశాక, అది ఆరేలోగా మేస్త్రీ తన అరచెయ్యి అద్దాలట. లేకపోతే నీళ్ళు ఆ పడవని ఒప్పుకోవట. బావ ఆ అలవాటుని గొట్టం మీదకీ తెచ్చాడు. కుడిచేతి ఉంగరం వేలు సగమే ఉండేది. రైల్వే వర్క్‌షాపులో ఉన్నప్పుడు మిషను తీసుకుపోయింది. ఆ చేతి గుర్తు ఎక్కడున్నా తెలిసిపోయేది. గుర్తు పడ్డ చోట తారు నొక్కుకుపోయి, సాన్యాల్ బాబు మిషను చిటచిటలాడేది.

"అప్పన్నా, ఇది పడవ కాదు," అనేవాడాయన హిందీలో.

"కాదు గానీ బాబూ, ఇదీ సరుకు మోసేదే గదా. సెయ్యి ఎయ్యకపోతే పని ముగిసినట్టు ఉండదు."

"గీకు."

బావ గీకి మళ్ళీ పూసేవాడు. రెండోసారి చెయ్యి వేసేవాడు కాదు కానీ, ఆ పూట అన్నం సయించేది కాదని అక్క చెప్పేది.

ఆ ఏడు వానల్లో సాలువా దారి పక్కన ఒక గొయ్యి తెరిచారు. ఇనుము గీకడం అయింది, తారు పొయ్యబోతుండగా బావకి పచ్చకామెర్లు ముదిరి ఆసుపత్రిలో పడ్డాడు. గోతిలో నీళ్ళు ఊరుతున్నాయి. ఫోర్‌మన్ సూరయ్య ఆగలేదు. ఒట్టి ఇనుము మీదే మట్టి కప్పించేశాడు.

బావకి ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. నేను చూడ్డానికి వెళ్తే మంచం మీంచి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే నారాయణా, ఆ గొయ్యి అలాగే కప్పెట్టేసినారు రా. సూరయ్యకి సెప్పు, తియ్యమను. నాను వొచ్చి ఏస్తాను."

చెప్పాను. "వానలు తగ్గనీ సూద్దాం," అన్నాడు సూరయ్య.

వానలు తగ్గకముందే బావ పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. పాడెకి వెదుళ్ళు కొంటూ అలవాటు కొద్దీ బేరమాడాను. వెదుళ్ళవాడు నా మొహం చూసి ఊరికే ఇచ్చేశాడు. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. కొట్టు తెరవడం, మూయడం. పిలిస్తే పలకడం. అంతే.

అక్కకి ఇద్దరు ఆడపిల్లలు, ఉండేది కంపెనీ క్వార్టరు. పంపింగ్ స్టేషన్లో అక్కకి ఏదో పని ఇస్తామని కంపెనీ ఆఫీసరు మాటిచ్చాడు. ఇస్తే క్వార్టరు ఉంటుంది, పిల్లలకి కూడు ఉంటుంది.

చలికాలంలో సాన్యాల్ బాబు వచ్చాడు. తుప్పు పట్టకుండా గొట్టానికి కొంచెం కరెంటు ఇస్తారు. పూత ఎక్కడ లేకపోతే అక్కడ ఆ కరెంటు మట్టిలోకి పోతుంది. మీటరు పెట్టి పైనుంచే ఆ లెక్క తీయొచ్చు. సాలువా దారి దగ్గర మీటరు ముల్లు పడిపోయింది. తవ్వమన్నాడు.

సూరయ్య ఏం చేస్తాడు? ఆ గొయ్యి అప్పన్న పనేనని ఆఫీసరుకి చెప్పేశాడు. పని ఎగ్గొట్టినవాడి పెళ్ళానికి ఉద్యోగం ఎలా ఇస్తామన్నాడు ఆఫీసరు. తవ్వితే ఒట్టి ఇనుము బయటపడుతుందని నాకు తెలుసు, సూరయ్యకి తెలుసు. కప్పిన కూలీలు సూరయ్యని కాదని నోరు విప్పరు. తెలిసిన ఇంకొకడు కాటికెళ్ళిపోయాడు.

తవ్వే రోజు పొద్దున్నే సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని సాన్యాల్ బాబు ముందు నిలబడ్డాను. ఎంత పెద్ద వ్యాపారినైనా వంచగలనని నాకు పొగరు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆసుపత్రిలో బావ అన్న మాట కూడా చెప్పాను.

"సాక్షి ఎవరు?"

"పోయిన మా బావే, దాదా."

ఆయన పొట్లం వైపు చూడలేదు. "నారాయణ బాబూ, మాటలతో ఇనుము మీద పూత పడదు. తవ్వాక ఏది కనిపిస్తే అదే రాస్తాను."

నా జీవితంలో కుదరని బేరం అదొక్కటే. ఆ సందేశ్ చివరికి కూలీలు తిన్నారు.

తవ్వడం మొదలైంది. ఎండ బాగానే ఎక్కింది. గోతి మీద రెల్లు దుబ్బులు కట్టి ఉంది. వేళ్ళు కొడవలితో కొయ్యాల్సి వచ్చింది. కప్పిన తర్వాత ఆ నేలని ఎవరూ కదపలేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. అక్క పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చి గట్టు మీద నిలబడింది. ఆమె వైపు చూడకుండా నేను పారల వైపు చూస్తున్నాను.

మట్టి కింద నల్లగా కనిపించింది.

ఇనుము కాదు, తారు. కూలీలు చేతులతో మట్టి తుడిచారు. నున్నటి పూత, గాజు గుడ్డ అంచులు పొందికగా కలిసి ఉన్నాయి. నడిమధ్య ఒక అరచెయ్యి గుర్తు. ఉంగరం వేలు సగం.

సూరయ్య గోతి అంచుకొచ్చి వంగి చూశాడు.

సాన్యాల్ బాబు గొడుగు పక్కన పెట్టి తనే గోతిలోకి దిగాడు. మిషను కుచ్చుని పూతంతా నడిపించాడు. చప్పుడు లేదు. చేతి గుర్తు మీద నడిపించాడు. చప్పుడు లేదు. మిషను పాడైందేమోనని పార అంచుకి తాకించాడు. చిటచిటమంది. మళ్ళీ గుర్తు మీద పెట్టాడు. చప్పుడు లేదు. మీటరు తెప్పించి మళ్ళీ కొలిచాడు. ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడ నిలబడింది. మొన్న ఇక్కడే, ఇదే మీటరుతో, ఇదే మనిషి పూత లేదన్నాడు.

ఆయన కళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఠీక్ హై," అన్నాడు. "పూత బాగుంది. కప్పెయ్యండి."

గీకమనలేదు.

నాకు భయం వెయ్యలేదు. ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. వెదుళ్ళవాడి దగ్గర ఎలా నిలబడ్డానో అలాగే నిలబడ్డాను.

కప్పేముందు అక్క ఎవర్నీ అడక్కుండా గోతిలోకి దిగింది. ఆ గుర్తులో తన చెయ్యి పెట్టింది. తల ఎత్తి నాకేసి చూసి, "ఎచ్చగుంది రా," అంది. "దిగు. నువ్వూ సూడు."

అక్కకి ఉద్యోగం ఇచ్చారు. పిల్లలిద్దరూ ఆ క్వార్టర్లోనే పెరిగి పెళ్ళిళ్ళు చేసుకున్నారు.

నేను చాలా ఏళ్ళు సూరయ్యనే అనుమానించాను. భయపడి దొంగచాటుగా పూత వేయించి ఉంటాడని. కానీ తారు మరిగిస్తే ఆ కంపు సాలువాలో ఉన్న పోలీసు క్యాంపు దాకా కొడుతుంది. తవ్వి ఉంటే ఆ దుబ్బు వేళ్ళు మళ్ళీ ఎలా కలిశాయి? తవ్వకముందు మీటరు ముల్లు ఎందుకు పడింది? రిటైరయ్యే ముందు సూరయ్య మా కొట్టుకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు ఏయించినావు కాబోలు అనుకున్నాను నారాయణా, ఇన్నాళ్ళూ."

"నానూ నువ్వే అనుకున్నాను."

"ఒట్టి ఇనుము మీదే కప్పించినాను. నా బిడ్డల మీద ఒట్టు."

టీ తెప్పిస్తే తాగి వెళ్ళిపోయాడు.

ఎవరు ఏ కారణం చెప్పినా తీసుకుని తిప్పి తిప్పి చూశాను. ఒక్కటీ నిలబడలేదు. అక్క మాట సంగతి కూడా అంతే. ఎండ తగిలితే తారు వేడెక్కుతుందని నాకు తెలుసు. మనిషి లోతు గోతిలోకి, చలికాలంలో, ఎంత ఎండ దిగుతుందో కూడా తెలుసు.

దిగి ఒక్కసారి చెయ్యి పెట్టి ఉంటే నాకూ తెలిసేది. ముట్టి చూడందే మేకు కూడా కొనని మనిషిని, అక్క పిలుస్తున్నా గట్టు మీదే ఉండిపోయాను. చేతులు జేబుల్లో పెట్టుకుని, వాళ్ళు మట్టి కప్పడం చూశాను.