అత్తకు ఒకరు వడ్డించిన రోజు

మా మేనత్త పోయిందన్న కబురు తమ్ముడు ఫోన్లో చెప్పాడు. పొద్దున్నే పిల్లలకు బడి డబ్బాలు సర్దుతున్నాను. "అక్కా, అత్త లేస్తలేదంట. పక్కింటోళ్ళు తలుపు తీసి చూసిండ్రంట" అన్నాడు. లేస్తలేదంటే అర్థమేమిటో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వెనక నుంచి చిన్నవాడు అన్నంలో పెరుగు వేయొద్దని అరుస్తున్నాడు.

మా నాన్నకు ఆమె అక్క. పెళ్ళి చేసుకోలేదు. పినపాక చుట్టుపక్కల అడవి ఊళ్ళలో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసింది. టీకా మందుల డబ్బా భుజానికి తగిలించుకుని, బస్సు పోయినంత దూరం బస్సులో పోయి, ఆ పైన నడిచేది. కోయగూడేల్లో ఆడవాళ్ళతో వాళ్ళ మాటలోనే మాట్లాడేది. మధ్యాహ్నం ఏ వాగు ఒడ్డునో రాయి మీద కూర్చుని డబ్బా విప్పుకునేది. పొద్దున ఒక్కసారి వండుకుని రెండు పూటలా అదే తినేది. ఎందుకత్తా అని అడిగితే, "ఒక్కదానికి రెండుసార్లు పొయ్యి ముట్టిస్తే పొయ్యి కూడ నవ్వుతదే" అనేది.

అమ్మ చనిపోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి మూడు. నాన్న పినపాకలో బట్టలు కుట్టేవాడు. అన్నం వండడం తప్ప ఇంకే వంటా రాదు. అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం అత్త వచ్చేది. మణుగూరు దారిలో ఆమె ఉండే ఊరు మాకు నాలుగైదు కిలోమీటర్లే. వచ్చీ రాగానే కొంగు బిగించి పొయ్యి దగ్గర కూర్చునేది. మూడు నాలుగు రోజులు నిలవుండేలా చింతపండు పులుసు, పచ్చళ్ళు చేసేది. నా తలకు నూనె పెట్టి పేలు దువ్వేది. మా అందరికీ వడ్డించి, అందరం లేచాక గిన్నెలో మిగిలింది తినేది. ఆదివారం మమ్మల్ని చర్చికి తీసుకుపోయి, సాయంత్రం వెళ్ళిపోయేది. మాకు వారం అంటే శనివారం ఒక్కటే.

నాకు పదేళ్ళున్నప్పుడు, మిరప కోతల కాలంలో, ఒక ఆదివారం వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి చెప్పింది. "వచ్చే శనివారం నేను రాను. మిమ్ములనే ఖమ్మం తీస్కపోత. రెండు రోజులు తినుడే తినుడు."

నాన్న మిషను మీంచి తల ఎత్తలేదు. "పోయిరాండ్రి" అన్నాడు.

మేము ఖమ్మం చూడటం అదే మొదలు. శనివారం పొద్దున బస్సెక్కాం. అత్త మధ్యలో, మేమిద్దరం చెరో పక్క. ఏమేమి తినాలో ఆమె బస్సులోనే చెప్పుకొచ్చింది. బస్టాండు దగ్గర ఇడ్లీ, అల్లం చట్నీ. పొద్దూకి బండి మీద మిర్చి బజ్జీ. తర్వాత చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఆదివారం మాత్రం ఒక మెస్‌లో గారెలు, నాటుకోడి పులుసు. తమ్ముడు ప్రతి పది నిమిషాలకూ మళ్ళీ చెప్పమనేవాడు. కొత్తగూడెం దాటాక వాడికి అన్నీ నోటికి వచ్చేశాయి.

చెప్పినవన్నీ తినిపించింది. తాను మాత్రం ఒక్కటీ సరిగా తినలేదు. బజ్జీ బండి దగ్గర మాకు ఉల్లిపాయ ముక్కలు చల్లించి, నిమ్మకాయ పిండించి, తాను ఎటో చూస్తూ నిలబడింది. నా నోరు మండి కళ్ళ నీళ్ళు కారితే బిస్కెట్ నోట్లో పెట్టి, "జల్దీ మింగకు, నాలిక మీద ఉంచుకో" అంది. మిర్చి మార్కెట్ యార్డు మీదుగా నడిచిపోతుంటే గాలే ఘాటుగా ఉంది. తమ్ముడు ఆగకుండా తుమ్ముతుంటే, గోనె సంచులు మోసేవాళ్ళు ఆగి నవ్వారు. అత్త కూడా నవ్వింది. ఆ రెండు రోజుల్లో ఆమె గట్టిగా నవ్వింది అప్పుడే.

ఆ రాత్రి అత్తతో పాటు నర్సు ట్రైనింగు చేసిన స్నేహితురాలి ఇంట్లో పడుకున్నాం. ఆదివారం చర్చికి బయల్దేరేటప్పుడు ఆ స్నేహితురాలు అత్త తలలో కనకాంబరాలు పెట్టింది. "ఈ వయసుల నాకెందుకే" అంటూనే అత్త తీసేయలేదు. ఆమె తలలో పూలు నేనెన్నడూ చూడలేదు. చర్చిలో పాట పాడుతున్నంతసేపూ వాటినే చూస్తూ ఉన్నాను.

మెస్ యార్డుకు దగ్గర్లోనే. మామూలు రోజుల్లో రైతులతో, హమాలీలతో కాలు పెట్టడానికి చోటుండదట. ఆదివారం యార్డు బంద్ కాబట్టి మేము ముగ్గురమే ఉన్నాం. మెస్ నడిపే ఆయన తెల్లచొక్కా చేతులు మడిచి, తానే బల్ల తుడిచి ఆకులు వేశాడు. అత్త అలవాటుగా లేచి మాకు వడ్డించబోయింది.

"మీరు కూసోండ్రి మేడం. ఇయ్యాల వడ్డించుడు నా పని" అన్నాడాయన.

అత్త కూర్చుంది. ఆయన మొదటి గారె ఆమె ఆకులోనే వేశాడు. పులుసు ఆమెకే ముందు పోశాడు. బగారా అన్నం ఆవిర్లు కక్కుతోంది. అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆకు వంక చూస్తూ ఉండిపోయింది. ఆమెకు ఇంకొకరు వడ్డించడం నేను చూసింది అదొక్కసారే.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు.

"అవ్, మంచిగుంది."

"ఇంకో గారె ఎయ్యనా?"

"చాలండి" అంది. ఆయన వేశాడు. అత్త తినేసింది. మెల్లగా, ఆకులో మెతుకు మిగలకుండా తింది. ఆయన తమ్ముడికి బొక్క లేని ముక్కలు ఏరి పెట్టాడు. నన్ను ఏ తరగతని అడిగాడు. అన్నం పెట్టేవాళ్ళందరూ మంచివాళ్ళే అనుకునే వయసు నాది. ఆయనా నాకు చాలా నచ్చాడు.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాం. అత్త చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోస్తూ, నా మొహం చూడకుండా అడిగింది. "బిడ్డా, అత్త ఈ ఊళ్ళనే ఉంటే ఎట్లుంటది?"

నేను ఆలోచించలేదు. "ఈడుంటే మాకు శనివారం ఎవరొస్తరు?" అన్నాను.

నీళ్ళు పోయడం ఆపలేదు ఆమె. చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. తర్వాత కొంగుతో నా చేతులు తుడిచి, "గదే, ఎవరొస్తరు" అంది.

ఆమె మళ్ళీ ఖమ్మం పేరెత్తలేదు. మరుసటి శనివారం ఎప్పటిలాగే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ తర్వాత ఆరేళ్ళు ఒక్క శనివారం మానలేదు. నాకు వంట వచ్చింది. నేను చదువుకు బయటికి పోయాను, తమ్ముడు హాస్టల్లో చేరాడు. అప్పటికి ఆమె రావలసిన అవసరం తీరిపోయింది. ఆమె రావడం తగ్గింది, తర్వాత ఆగింది. మాకు అక్కర లేని శనివారాల్లో ఆమె ఏం చేసేదో మేమెవరం అడగలేదు. నేనైతే పండగకు ఫోన్ చేసేదాన్ని. "తిన్నవా? ఏం కూర?" అని అడిగేది. చెప్పేదాన్ని. "నువ్వేం తిన్నవత్తా?" అని తిరిగి అడిగానో లేదో గుర్తు తెచ్చుకోవాలని ఈ పది రోజులుగా చూస్తున్నాను. గుర్తు రావడం లేదు.

అత్తను మట్టి చేసిన రోజు, సమాధుల తోటలో అందరూ వెళ్ళిపోయాక నాన్న గోడ మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుంటే, ఆయనే మొదలుపెట్టాడు.

"ఖమ్మంల మెస్ నడిపే ఆయన గుర్తున్నడా? మీ అత్తను చేసుకుంటనన్నడు. భార్య పోయినోడు, మంచోడు. ఆయన్ని సూసుకునేటందుకే పోయింది అప్పుడు."

నాన్న గోడ మీది ఎండుటాకు ఒకటి తీసి పడేశాడు.

"వద్దన్నది. ఎందుకని నేను అడగలె. అడిగితే ఏం మాట్లాడవలసి వస్తదో అని భయపడ్డ. చేసుకొమ్మని చెప్పవలసినోణ్ణి నేనే. మీ ఇద్దరిని పెట్టుకొని నేనొక్కణ్ణి ఎట్ల ఎల్లదీస్తనని, నోరు మూసుకున్న."

చెంబు దగ్గర నేనన్న మాట నాన్నకు తెలియదు. చెప్పలేదు. ఆ ఒక్క మాటకే ఆమె ఆగిపోయిందనుకోవడం నన్ను నేను పెద్ద చేసుకోవడమే కావచ్చు. ఆమెకు ఆమె కారణాలుండి ఉంటాయి. పదేళ్ళ పిల్లను పట్టుకుని ఎవరూ తప్పు పట్టరు కూడా. అయినా ఆమె అడిగింది నన్ను. ఆ ప్రశ్న ఆమె ఇంకెవరినీ అడిగినట్టు లేదు. ఆమె పెట్టిన ముద్దలకు నా దగ్గర బోలెడంత కృతజ్ఞత ఉంది. దాన్ని తీసుకుపోయి ఇవ్వడానికి మనిషి లేదు.

ఆ ఆదివారం ఖమ్మం నుంచి తిరుగు బస్సులో మణుగూరు దగ్గర నాన్న ఎక్కాడు. మమ్మల్ని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. అత్త తన ఊరి మలుపు దగ్గరే దిగాలి.

"ఏమాయె అక్కా?" అని నాన్న మెల్లగా అడిగాడు.

"పిల్లలు మంచిగ తిన్నరు" అంది అత్త.

తన ఒళ్ళో నిద్రపోతున్న తమ్ముణ్ణి నాన్న ఒళ్ళోకి మార్చి, సంచి తీసుకుని దిగింది. పొద్దు గూకుతోంది. బస్సు కదిలాక నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. టేకు చెట్ల మధ్య మట్టిదారిలో ఆమె ఒక్కతే నడిచిపోతోంది. ఎదురుగా ఎండుకట్టెల మోపు కట్టిన సైకిల్ ఒకటి వచ్చింది. ఆమె దారి దిగి పక్కకు నిలబడింది. సైకిల్ పోయాక కూడా కాసేపు అక్కడే, గడ్డిలో, అలాగే నిలబడి ఉంది.