నరాల గోలీలకు రేడియో

హుజూరాబాదులో నేను కాంపౌండరుగా పనిచేసిన డాక్టరుగారికి ఎవరి చెయ్యి పట్టుకున్నా నరాల బలహీనతే తగిలేది. నా బుర్ర బలహీనత మాత్రం నాకు చాలా రోజులు తెలియలేదు. ఆయన ప్రతిభకు మురిసిపోతూ అందరికీ అవే నరాల గోలీలు పొట్లం కట్టాను. భుజం నొప్పితో వచ్చిన నేతపని ముసలవ్వ నెలకల్లా మగ్గం మీదే తూలిపడసాగింది.

ఒకరోజు మందుల కంపెనీ ఏజెంటు ఆయనకు కొత్త రేడియో తెచ్చాడు. "గోలీలు ఇట్లనే రాయండి సార్, వచ్చేసారి ఫ్రిజ్!"

అవ్వ ఎందుకు తూలుతోందో అప్పుడు వెలిగింది నాకు.

బస్సు కుదుపులకు ఒళ్లునొప్పులంటూ ఏజెంటు డాక్టరు గదిలోంచి బయటికొచ్చాడు. రోగులందరి ముందూ అవే గోలీలు రెండు, నీళ్లు అందించాను.

"నాకెందుకయ్యా? పిచ్చోళ్లకిచ్చే గోలీలివి!" అని చెయ్యి లాక్కున్నాడు.

బెంచీ మీంచి ముసలవ్వ లేచి గది వైపు కేకేసింది. "డాక్టరు సాబూ, నాకు పిచ్చెప్పుడు లేసింది?"

ఆమె లోపలికి పోయేదాకా తలుపు తీసి పట్టుకున్నాను.